తలుపు బయట బల్ల

మార్చి 4, మంగళవారం

సాయంత్రం నాలుగుంబావుకి అద్దె బిల్లు ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. అనుకూలం డెబ్బై, ప్రతికూలం డెబ్బై ఒకటి. మా పార్టీ తెచ్చిన బిల్లు. నేను అధ్యక్షురాలిగా ఉన్న కమిటీ రాసిన బిల్లు. ఓటింగ్ జరిగినంతసేపూ నేను సభ తలుపు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను.

వరసగా రాసుకుంటాను. పేపర్లో పనిచేసిన రోజుల నుంచీ నా బుర్ర అలా అయితేనే కుదుటపడుతుంది.

కిందటి నెలలో ఒకరోజు ప్రతిపక్షం మాస్టారు నన్ను మెట్ల దగ్గర ఆపారు. సభలోకి రాకముందు ఆయన లెక్కల పంతులు. ఇప్పటికీ అన్ని పార్టీలవాళ్ళకీ మాస్టారే. తొమ్మిదేళ్ళుగా నేను ఏం మాట్లాడినా లేచి తప్పులు పట్టడం ఆయన పని.

"అమ్మా విలేకరీ, నాలుగో తారీఖున మా ఆవిడకి గుండె ఆపరేషన్. నాతో జోడీ కడతావా?"

"మీరు రాకపోతే మా బిల్లుకి ఒక అడ్డు తగ్గుతుంది కదా మాస్టారూ. నేనెందుకు కట్టాలి?"

"అందుకే నిన్నడుగుతున్నా. మిగతావాళ్ళయితే ఈ మాట మనసులో అనుకుని, పైకి అయ్యో పాపం అంటారు."

కడతానన్నాను. ఆయన వ్యతిరేకంగా వేసేవారు, నేను అనుకూలంగా వేసేదాన్ని. ఇద్దరం వెయ్యకపోతే అటొకటి ఇటొకటి తగ్గి తేడా అలాగే ఉంటుంది. జోడీ అంటే ఇంతే. నిబంధనల పుస్తకంలో ఈ ముక్క లేదు. సంతకాలూ లేవు. రెండు వైపుల విప్‌లకీ ఓ మాట చెప్పాలి; సభకు వచ్చిన మనిషి ఓటింగ్ అయ్యేదాకా తలుపు బయట బల్ల మీద నలుగురికీ కనబడేలా కూర్చోవాలి.

మా చీఫ్ విప్‌కి అప్పుడే చెప్పాను. మా సభ్యులందరూ పార్టీ చెప్పినట్టు ఓటు వేసేలా చూడటం అతని ఉద్యోగం. నాకంటే చాలా చిన్నవాడు, అక్కా అంటాడు. "కట్టుకో అక్కా, మనకి ఓట్లు మిగిలిపోతున్నాయి" అన్నాడు, ఫోన్ చూసుకుంటూ.

నిన్న సాయంత్రం మిత్రపక్షం గోడ దూకింది. ఈ ఉదయం పార్టీ ఆదేశం వచ్చింది: అందరూ రావాలి, అందరూ వెయ్యాలి, మినహాయింపుల్లేవు. అప్పుడైనా మాస్టారికి ఫోన్ చేసి జోడీ లేదని చెప్పొచ్చు. కానీ అప్పటికే వాళ్ళావిడని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. చెయ్యలేదు.

నాలుగింటికి గంట మోగింది. గంట ఆగాక తలుపులు మూసేస్తారు. తర్వాత ఎవరూ లోపలికి వెళ్ళడానికి లేదు. చీఫ్ విప్ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, లే లే. గంట అయిపోతోంది."

"జోడీలో ఉన్నాను కదా."

"ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. ఇక్కడికొచ్చి చూస్తాడా ఏంటి?"

"చూడ్డు కాబట్టే కూర్చున్నాను."

"నీ బిల్లు అక్కా! రెండేళ్ళు తిండీ తిప్పలూ మానేసి రాసుకున్నావు!"

అతను ఒక కాలు తలుపు సందులో పెట్టి నన్ను చూస్తున్నాడు. తలుపు దగ్గరుండే ఆయన మర్యాదగానే అన్నాడు: "అయ్యా, లోపలికైనా రండి, బయటికైనా వెళ్ళండి. కాలు మాత్రం తియ్యండి."

తీశాడు. తలుపు మూసుకుంది.

లెక్క: నేనూ మాస్టారూ ఇద్దరం లోపల ఉంటే డెబ్బై ఒకటి, డెబ్బై రెండు. బిల్లు ఓడేది. ఇద్దరం లేకపోయినా ఓడింది. నేనొక్కదాన్నే మాట తప్పి లోపలికి వెళ్ళి ఉంటే డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి. సమానమైతే సభాపతి ఓటు వేస్తారు, ఆయన మా పార్టీ మనిషే. బిల్లు గెలిచేది.

చీకటి పడుతుండగా మాస్టారు ఫోన్ చేశారు. "బయటపడింది" అన్నారు. గొంతు ఎప్పట్లా లేదు. బిల్లు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఒక్క ఫోన్ వచ్చినందుకు ఈ రోజుకి సంతోషం.

మార్చి 5, బుధవారం

అత్తయ్య నిన్న అంతా టీవీలో చూసిందట.

"బయట బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నావు అమ్మాయ్. అదొక్కటి బాగాలేదు."

"ఊపానా?"

"ఊపావు. బస్సు కోసం కూర్చున్నదానిలా ఉన్నావు. ఇంతకీ ఆ బిల్లు నువ్వే రాశావు, నువ్వే ఓటెయ్యలేదు. ఇందులో మతలబేంటో నాకు చెప్పు, పక్కింటావిడ అడుగుతోంది."

జోడీ గురించి చెప్పాను. శ్రద్ధగా వింది.

"అంటే ఆయన రాలేడని నువ్వూ మానేశావు."

"అవును."

"ఆయన నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. ప్రతిపక్షం."

"మరి ఆయన భార్య బతికిందా?"

"బతికింది."

"సరే అయితే" అని టీవీ చానల్ మార్చింది. పక్కింటావిడకి ఏం చెప్పిందో తెలీదు.

మధ్యాహ్నం పార్టీ నుంచి కబురు. ఆదేశం ధిక్కరించానని, నా సభ్యత్వం రద్దు చెయ్యమని సభాపతికి ఫిర్యాదు ఇచ్చారు. విచారణ ఇరవయ్యో తారీఖున. పార్టీ ఆదేశం మీరితే సీటు పోతుంది. విప్ ముందుగా అనుమతి ఇచ్చి ఉంటే పోదు. చట్టం అంతే. అనుమతి ఇచ్చాడు, ఫోన్ చూసుకుంటూ. మెట్ల పక్కన. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

అంటే నా సీటు ఇప్పుడు చీఫ్ విప్ నోట్లో ఉంది. కుర్రాడు మంచివాడు.

మార్చి 6, గురువారం

సీటు పోతే పోతుంది.

మార్చి 8, శనివారం

కుట్టు మిషన్ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. బజారు వెనక వీధిలో మేడ మీద గది. పగలు కుట్టుపని, రాత్రి కాపురం అందులోనే. ఇంటి యజమాని ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు, కింద మందుల షాపు పెద్దది చేస్తున్నాడట. బిల్లు గెలిచి ఉంటే మూడు నెలల గడువు తప్పకుండా ఇవ్వాల్సి వచ్చేది. కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మొదటి మనిషి ఆవిడే.

నన్ను చూసి లేవలేదు. నోట్లో గుండుసూదులున్నాయి, ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చి, ఖాళీ అయ్యాక మాట్లాడింది.

"తలుపు బయట కూర్చున్నారటగా."

"అవునమ్మా. ఒకాయనకి మాటిచ్చాను."

"నాక్కూడా ఇచ్చారు."

గుండుసూదుల దిండు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మీ మాట మీరు నిలబెట్టుకున్నారు మేడమ్. బాగుంది. మెచ్చుకోవాల్సిందే. మరి నా సామాను ఎవరు మోస్తారు?"

ఇంటికొచ్చి ఈ మాట ఈయనకి చెప్పాను. నీటి సరఫరా శాఖలో పంపులు చూసే మనిషి. ఏ బాధ చెప్పినా దానికి ఎన్నో నంబరు పానా కావాలా అని ఆలోచిస్తాడు.

"ఏ మిషనది? కాలితో తొక్కేదా, మోటారుదా?"

"మోటారుది. పెద్ద బల్లకి బిగించి ఉంది."

"అలాగయితే బల్ల విడదీయాలి. మెట్లు మలుపు తిరుగుతాయా?"

"తిరుగుతాయి."

"ఎప్పుడు మారుతుందో అడుగు" అన్నాడు. పనిముట్ల సంచీలో ఏవో వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఓదార్చడానికి ఈయన ఒక్క వాక్యం కూడా వాడలేదు. అందుకు నేను ఫిర్యాదు చేసే రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

మార్చి 11, మంగళవారం

కమిటీ గది తలుపు మీద నా పేరు తీసేశారు. మేకులు వదిలేశారు.

మధ్యాహ్నం భోజనాల హాల్లో మా పార్టీ వరసలో కూర్చున్నాను. నా అటు పక్క కుర్చీ, ఇటు పక్క కుర్చీ ఖాళీ. ఎదురుగా ఇద్దరు ప్లేట్లు పట్టుకుని వస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు మొహాలు పెట్టి మళ్ళిపోయారు. నటన బాగాలేదు, మొదటాయన ఇంకొంచెం కష్టపడాలి.

చివరికి ఒక పెద్దావిడ, మా పార్టీలో అందరికంటే సీనియర్, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీతో మాట్లాడుతున్నానని అనుకోకు. నాకు ఈ కిటికీ దగ్గర గాలి బాగుంటుంది."

"మాట్లాడకండి."

"నువ్వు చేసింది తప్పు."

"సరే."

"నా రోజుల్లో నేనూ రెండుసార్లు కూర్చున్నాను ఆ బల్ల మీద. అప్పట్లో దానికి మెత్త ఉండేది." నేను తిన్నంతసేపూ తనూ తింది. అన్నం అయిపోయాక కూడా నా కోసం మజ్జిగ చల్లారుతోందన్నట్టు కూర్చుంది. మజ్జిగ చల్లారడమేంటి?

నాకు కోపం లేదు. ఎవరి మీదా లేదు.

మార్చి 14, శుక్రవారం

ఆస్పత్రికి వెళ్ళాను. మాస్టారి భార్య మంచం మీద కూర్చుని ఉంది, ఛాతీకి కట్టుతో, చేతికి సూదితో. మాస్టారు పక్కన స్టూల్ మీద. సభలో గర్జించే మనిషి అక్కడ ఆవిడ దిండు ఎటు సర్దాలో తెలీక రెండువైపులా పెట్టి చూస్తున్నారు.

"రామ్మా విలేకరీ. నీ సీటు ఊడేలా ఉందటగా."

ఆవిడ వెంటనే అందుకుంది. "మీ నోట్లోంచి ఒక్క మంచిమాట రాదేం? కూర్చోమ్మా. ఈయన్ని పట్టించుకోకు. నాకు మత్తు దిగీ దిగగానే ఏమన్నారో తెలుసా? 'బిల్లు ఓడిపోయిందోయ్' అన్నారు. నేనెక్కడున్నానో నాకింకా తెలీలేదు."

"శుభవార్త కదా, చెప్పాను."

ముగ్గురం నవ్వాం. నవ్వితే నొప్పి అని ఆవిడ మధ్యలో ఆపేసింది.

తర్వాత మాస్టారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. "నేను వచ్చి సాక్ష్యం చెప్తాను" అన్నారు.

"మీరు చెప్తే మనిద్దరికీ ఏదో లాలూచీ ఉందంటారు. వద్దు."

"మీ విప్ కుర్రాడు చెప్తాడా?"

"చెప్తాడు."

"అంత గట్టిగా అన్నావంటే నమ్మకం లేదన్నమాట." కాసేపు కిందకి, బండ్లు ఆపే చోటుకేసి చూశారు. "ఇదిగో చూడు. నువ్వు నాకు చేసింది నేను మర్చిపోను. కానీ ఆ బిల్లు మళ్ళీ వస్తే మళ్ళీ ఓడిస్తా. అందులో తొమ్మిదో సెక్షన్ శుద్ధ తప్పు. ఉన్న ఇంట్లో ఒక్క గది అద్దెకిచ్చుకుని బతికే ముసలావిడకీ, నాలుగు వీధుల ఆస్తి ఉన్నవాడికీ ఒకటే రూలా? లెక్క ఎక్కడైనా కుదురుతుందా?"

"ఆస్పత్రి వరండాలో కూడా వదలరా మాస్టారూ?"

"ఇప్పుడు వదిలేస్తే నీకు బదులు తీర్చినట్టుంటుంది. అది నీకూ నాకూ కూడా మర్యాద కాదు."

బస్సులో వస్తూ అదే ఆలోచించాను. ఆయన మెత్తబడి, మీ బిల్లుకి ఓటేస్తానమ్మా అని ఉంటే నేను ఆ మంగళవారం చేసింది బేరం అయిపోయేది. ఆయన నన్ను దాన్నుంచి కాపాడారు. ఆ ఆలోచన నాకు రాకముందే ఆయనకి వచ్చింది.

తొమ్మిదో సెక్షన్ మళ్ళీ చదివాను. ఆయన చెప్పింది నిజమే. ఆయనకి చెప్పను.

మార్చి 17, సోమవారం

చీఫ్ విప్ ఫోన్ ఎత్తడం లేదు. ఉదయం వరండాలో ఎదురొస్తూ నన్ను చూసి పక్క గదిలోకి వెళ్ళాడు. అది ఆడవాళ్ళ విశ్రాంతి గది. వెంటనే బయటికొచ్చాడు, మొహం ఎర్రగా. పలకరించక తప్పలేదు.

"అక్కా."

"తమ్ముడూ."

"ఎండగా ఉంది కదా."

"లోపలున్నాం కదా."

వెళ్ళిపోయాడు. అతనికి వచ్చే ఏడాది మంత్రి పదవి ఇస్తారని అందరూ అంటున్నారు. పెద్దాయన, అంటే మా పార్టీ అధ్యక్షుడు, అతన్ని కొడుకులా చూసుకుంటాడు. గురువారం విచారణ గదిలో పెద్దాయన లాయరు ఉంటాడు. "అనుమతి ఇవ్వలేదు" అని ఒక్క మాటంటే చాలు. అబద్ధమని నిరూపించే మార్గం నాకు లేదు.

నాకు భయం లేదు. సీటు పోతే పోతుంది. మళ్ళీ పేపర్లో చేరతాను. ఏ పేపర్? ఎవరో ఒకరు తీసుకుంటారు.

అత్తయ్య: "అమ్మాయ్, ఆ దుప్పటి ఇందాకే మడత పెట్టావు."

మార్చి 20, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. విశేషణాలు వద్దు.

సభాపతి గది. పొడుగు బల్ల, మూతలు పెట్టిన నీళ్ళ గ్లాసులు, గోడకి పాత సభాపతుల ఫోటోలు. బల్ల చివర సభాపతి. కుడివైపు పార్టీ లాయరు, ఎడమవైపు నేను. లాయరు అరగంట మాట్లాడాడు. పార్టీ ఆదేశం చదివాడు. "మినహాయింపుల్లేవు" అన్నచోట ఆగి మళ్ళీ చదివాడు.

సభాపతి నన్నడిగారు. విప్ అనుమతితో జోడీ కట్టానని చెప్పాను. కాయితం ఉందా అన్నారు. జోడీకి కాయితం ఉండదని, ఆ విషయం సభాపతి గారికీ తెలుసని అన్నాను. ఆయన తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు.

చీఫ్ విప్‌ని పిలిచారు. నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

"మీ సభ్యురాలు జోడీ కట్టుకుంటానని మీకు చెప్పారా?"

ఇతను గ్లాసు మీది మూత తీశాడు. నీళ్ళు తాగలేదు. మూత మళ్ళీ పెట్టాడు.

"చెప్పారు."

"మీరు ఒప్పుకున్నారా?"

లాయరు లేచాడు. "అధ్యక్షా, ఒకవేళ ఏదో మాటవరసకి అని ఉన్నా, ఉదయం వచ్చిన ఆదేశంతో అది రద్దయినట్టే..."

"మిమ్మల్ని కాదు, ఆయన్ని అడుగుతున్నాను."

"ఒప్పుకున్నాను" అన్నాడు చీఫ్ విప్.

లాయరు నిలబడే ఉన్నాడు. సభాపతి కలం కింద పెట్టారు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఈ సభలో ఉన్న మనిషి. అందుకే తర్వాత ఈ ప్రశ్న అడిగారు.

"జోడీ రద్దు చేసుకోవాలంటే అవతలి వైపు విప్‌కి చెప్పాలి. వాళ్ళ మనిషి కూడా వచ్చి ఓటు వేసుకునేలా. మీరు చెప్పారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

ఇతను ఈసారి నన్ను చూశాడు. కుర్రాడిలా లేడు.

"చెప్తే ఆయన లేకపోయినా, వాళ్ళు ఇంకెవర్నో ఒకర్ని ఎక్కడ్నుంచైనా తెచ్చేవారు. లేదా ఆయనే వచ్చేసేవారు, భార్యని ఆపరేషన్ బల్ల మీద వదిలేసి. వస్తారని నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. అక్కని ఒక్కదాన్నే లోపలికి రమ్మన్నాను."

లాయరు కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

తీర్పు రేపు అన్నారు. బయటికొచ్చి చూస్తే అతను లేడు. వరండా చివరిదాకా వెతికాను.

మార్చి 21, శుక్రవారం

ఉదయం: ఫిర్యాదు కొట్టేశారు. సీటు ఉంది.

మధ్యాహ్నం: పార్టీ నన్ను బహిష్కరించింది. చీఫ్ విప్‌ని ఆ పదవి నుంచి తీసేశారు.

సాయంత్రం చేస్తే అతను ఫోన్ ఎత్తాడు.

"ఎందుకు చెప్పావు తమ్ముడూ?"

"అడిగారు కదా అక్కా."

"అడిగితే?"

"అడిగితే చెప్పాలి కదా." కొంచెం ఆగి, "పెద్ద నీతి ఏం లేదులే. లేదని అనుంటే నువ్వు బయటికి పోయేదానివి. నేను ఉండేవాణ్ణి. కానీ సోమవారం నుంచి నా దగ్గరికొచ్చి 'అన్నా, జోడీ కట్టుకోనా' అని ఎవడడుగుతాడు? అవతలి విప్ నా మొహాన ఉమ్ముతాడు. విప్ పనంతా నోటి మాట మీదే నడుస్తుందక్కా. అది పోయాక కుర్చీ ఉండి ఏం చేసుకోను?"

"కుర్చీ కూడా పోయింది కదరా."

"పోయిందిలే. మా ఇంటావిడ సంతోషంగా ఉంది. పిల్లలు నన్ను చూసి ఎవరో చుట్టాలొచ్చారనుకున్నారట."

థ్యాంక్స్ అన్నాను. ఆ మాట ఎంత చిన్నగా ఉందో అన్నాక తెలిసింది. అతను వెంటనే బిల్లు గురించి ఏదో మాట్లాడి నన్ను గట్టెక్కించాడు.

సీటు పోతే పోతుందని ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో చూసుకున్నాను. పోతే పోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు రెండుసార్లు రాయరు.

మార్చి 27, గురువారం

కొత్త చోటు. చివరి వరస, స్తంభం వెనక. సభాపతి సగమే కనబడతారు. కాస్త వంగితే రెండో సగం.

తొమ్మిదేళ్ళుగా ప్రతిరోజూ ఉదయం పార్టీ ఆఫీసు నుంచి ఫోన్‌కి సందేశం వచ్చేది: ఫలానా బిల్లు, అవును, ఫలానా సవరణ, కాదు. ఈ ఉదయం కాఫీ తాగుతూ అలవాటుగా చూశాను. ఏమీ లేదు. ఈరోజు తూకాలు, కొలతల చట్టానికి సవరణ. ముప్పై పేజీలు. మొదటిసారి మొత్తం చదివాను. చదివాక తెలిసింది, తూకాలు, కొలతల మీద నాకు ఏ అభిప్రాయమూ లేదని.

ఈయన్ని అడిగాను. "నీటి మీటర్లు కూడా అందులోకి వస్తాయా?" అన్నాడు. వస్తాయి. భోజనం అయ్యేదాకా మీటర్ల గురించి చెప్పాడు. వాటిని ఏటా పరీక్షించకపోతే ఏమవుతుందో ఉప్పు డబ్బా, చెంచాలు పెట్టి చూపించాడు. సభలో లేచి ఆ సంగతే అడిగాను. మంత్రి దగ్గర జవాబు లేదు. గంట మోగినప్పుడు ఎటు ఓటెయ్యాలో ఎవరూ చెప్పలేదు. వ్యతిరేకంగా వేశాను. బిల్లు ఎలాగూ గెలిచింది.

స్వేచ్ఛ అంటే ఇంత చదువుకోవాలని ఎవరూ ముందు చెప్పలేదు.

వస్తుంటే తలుపు దగ్గరుండే ఆయన అన్నాడు: "ఈమధ్య మీరు లోపలే కూర్చుంటున్నారు మేడమ్. బల్ల బోసిపోయింది."

మార్చి 30, ఆదివారం

కుట్టు మిషన్ ఆవిడ గది ఖాళీ చేసింది. ఈయన బల్ల విడదీశాడు. నేనూ ఆయనా మిషన్‌ని మెట్ల మలుపులో పట్టుకుని నిలబడిపోయాం. అటూ పోదు, ఇటూ రాదు. పైనుంచి ఆవిడ అరుస్తోంది: "వంచండి, వంచండి! ఎడమకి కాదు, మీ ఎడమకి!" కింద మందుల షాపు వాళ్ళు వచ్చి చూశారు, చెయ్యి వెయ్యలేదు.

కొత్త గది దూరం. పాత గిరాకీ అంతదూరం రాదు. అది నా లెక్కలో పడేదే. దాన్ని ఇంకెక్కడా వెయ్యలేను.

మిషన్ బిగించి, దారం ఎక్కించి, ఒక గుడ్డముక్క కుట్టి చూసింది. నడిచింది. ఈయన చొక్కా జేబు మెట్ల దగ్గర చిరిగింది. అడక్కుండానే విప్పమని చెప్పి కుట్టి ఇచ్చింది. ఈయన బనీనుతో పరాయి గదిలో గోడకి అంటుకుని నిలబడ్డ తీరు చాలా రోజులు గుర్తుంటుంది.

"మళ్ళీ పెడతారా ఆ బిల్లు?" అంది, దారం పంటితో తెంపుతూ.

"పెడతాను. ఈసారి నేనొక్కదాన్నే. గెలుస్తుందని చెప్పలేను."

"చెప్పకండి. మూడు నెలలు కాదు, ఆరు పెట్టండి."

ఏప్రిల్ 16, బుధవారం

బిల్లు రాయడం అయింది. తొమ్మిదో సెక్షన్ మొత్తం మార్చాను. తాముండే ఇంట్లో గది అద్దెకిచ్చేవాళ్ళకి వేరే గడువు. ఆరు నెలలు పెట్టలేకపోయాను, నాలుగు పెట్టాను.

మాజీ చీఫ్ విప్ రెండుసార్లు వచ్చి చదివాడు. పార్టీలో ఎవరెవరు మనసులో అనుకూలంగా ఉన్నారో, ఎవరు గంట మోగగానే నీరుగారిపోతారో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఒక్క పేరు కూడా చెప్పలేదు. "అది ఆ పదవిలో ఉండగా తెలిసిందక్కా" అన్నాడు. కామాలు మాత్రం దిద్దాడు.

మాస్టారికి తొమ్మిదో సెక్షన్ ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా విని, "బాగుంది. ఇప్పుడు పదమూడోది చదువు" అన్నారు.

"పదమూడుకేమైంది?"

"చదువు, చెప్తాను."

వెనక నుంచి ఆవిడ గొంతు: "ఫోన్ పెట్టెయ్యమ్మా! నడక టైమైంది, ఈయన ఇదే సాకు వెతుక్కుంటున్నారు!"

ఏప్రిల్ 30, బుధవారం

కొత్త సమావేశాల పట్టిక వచ్చింది. పార్టీల తరఫున కాకుండా సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లులకి శుక్రవారం మధ్యాహ్నం కేటాయించారు. చీటీలు తీస్తే నాది మూడో అంశం.

ఎన్ని ఓట్లు వస్తాయో తెలీదు. పాత పార్టీ వ్యతిరేకించమని ఆదేశం ఇస్తుందట. మెత్త గురించి చెప్పిన పెద్దావిడ వరండాలో ఎదురొచ్చి, "నీతో మాట్లాడటం లేదు. నాలుగు నెలలే ఎందుకు పెట్టావు?" అని వెళ్ళిపోయింది. కుట్టు మిషన్ ఆవిడ ప్రేక్షకుల గ్యాలరీకి వస్తానంది, ఆరు పెట్టలేదు కాబట్టి చప్పట్లు కొట్టనని కూడా చెప్పింది. గ్యాలరీలో చప్పట్లు ఎలాగూ కొట్టనివ్వరు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. ఈయన సెలవు పెట్టాడు. అత్తయ్య పక్కింటావిడని టీవీ చూడ్డానికి పిలిచింది. ఈసారి తనే అన్నీ వివరిస్తానంటోంది.

ఈ రెండు నెలల్లో పోయినవి రాయాలంటే పార్టీ, కమిటీ, వచ్చే ఎన్నికల టికెట్. రాశాను. మిగతావన్నీ ఇంకా లెక్కపెడుతున్నాను.

మే 2, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నరకి నా బిల్లు. మొదట నేను, పది నిమిషాలు. తర్వాత బిల్లుకి వ్యతిరేకంగా మాస్టారు, పదిహేను నిమిషాలు. నాలుగింటికి గంట.